ఇరవై వోల్టులు

కారులో ఆంప్లిఫయర్ బిగించాక దాని గెయిన్, అంటే అది సౌండుని ఎంత పెంచాలో చెప్పే మీట, సెట్ చెయ్యాలంటే ముందు స్పీకర్ల వైర్లు ఊడదీసెయ్యాలి. ఈ మాట చెబితే మా ఊళ్ళో సగం మంది నవ్వుతారు, సౌండు కోసం వచ్చినవాడి బండిలో స్పీకర్లు ఊడదీసి సౌండు సరిచెయ్యడమేమిటని. కానీ పద్ధతి అదే. స్టీరియోలో బాసు, ట్రెబులు, ఇంకా ఏమేం మీటలున్నాయో అన్నీ సున్నాకి తేవాలి. వాల్యూము ముప్పావు వంతుకి పెట్టాలి. ఒకే మోత ఆగకుండా మోగే సీడీ ఒకటి ఉంటుంది, అది వెయ్యాలి. మల్టీమీటరుని ఏసీ వోల్టుల మీదకి తిప్పి, దాని రెండు లీడ్లూ ఆంప్ మీద స్పీకరు వైర్లు బిగించే చోట ఆనించాలి. ఆంప్ వాట్లని స్పీకరు ఓములతో గుణించి వర్గమూలం తీస్తే ఎన్ని వోల్టులు రావాలో తెలుస్తుంది. వంద వాట్లు, నాలుగు ఓములు అంటే నాలుగు వందలు. దాని వర్గమూలం ఇరవై. చిన్న స్క్రూడ్రైవరుతో గెయిన్ మీట మెల్లగా తిప్పుతూ, మీటరులో ఇరవై కనబడగానే ఆగిపోవాలి. తర్వాత స్పీకర్లు మళ్ళీ తగిలించుకోవాలి.

ఇదంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. సౌండు వ్యాపారం మొత్తంలో చెవితో పనిలేని పని ఇదొక్కటే. దీని పుణ్యమా అని నేను అమలాపురంలో మూడేళ్ళపాటు ఎవరికీ దొరక్కుండా బతికాను. దొరకలేదని నేననుకున్నాను.

తొంభైల మొదట్లో నేను షాపు పెట్టినప్పుడు ఆంప్లిఫయర్లూ లేవు, మీటర్ల గొడవా లేదు. అంబాసిడర్ టాక్సీలకీ, జీపులకీ క్యాసెట్ ప్లేయరు బిగించి, వెనక అద్దం కింద రెండు స్పీకర్లు పెడితే అయిపోయేది. కాలవ గట్టు రోడ్డులో ఒక గది, ముందు రేకుల పందిరి, ఆ పందిరి కింద ఒక్క బండి పట్టే చోటు. అంబాజీపేట కొబ్బరి వర్తకులు, రాజోలు టాక్సీవాళ్ళు, కొత్తపేట వైపు రైతులు, బండి కొన్న ప్రతివాడూ ముందు గుడికో చర్చికో పోనిచ్చి, అక్కణ్ణుంచి తిన్నగా నా పందిరి కిందకి తెచ్చేవాడు. ఎందుకంటే నాకు చెవి ఉందని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. రోడ్డు మీద పోతున్న టాక్సీలో పాట వినపడితే, ఎడమ స్పీకరు అట్ట చిరిగిందో కుడిది చిరిగిందో కూర్చున్న చోటు నుంచే చెప్పేవాణ్ణి. తర్వాత ఆంపులు, డిక్కీలో పెట్టే బాసు పెట్టెలు వచ్చాయి. వాటి గెయిన్ కూడా చెవితోనే సెట్ చేసేవాణ్ణి. పాట పెట్టి, మీట పెంచుకుంటూ పోయి, సౌండు ఎక్కడ పగిలిందో అక్కడ ఆగి, అక్కణ్ణుంచి వెంట్రుకవాసి వెనక్కి తిప్పడం. ఆ వెంట్రుకవాసిలోనే ఉంది పనితనం. "ఆయన తల డిక్కీలో పెడితే చాలండి, మీట దానంతటదే తిరిగి ఆగుతాది" అని ఒక టాక్సీ ఓనరు నా ముందే ఇంకొకరికి చెప్పాడు. ఆ మాట నేను చాలాకాలం నెమరేసుకున్నాను. నాకు పొలం లేదు, ఉద్యోగం లేదు, డిగ్రీ లేదు. ఉన్న ఆస్తల్లా ఆ రెండు చెవులే. వాటిని నేను రోజుకి పదిసార్లు డిక్కీలో పెట్టి, పన్నెండు అంగుళాల స్పీకరుకి జానెడు దూరంలో పట్టుకుని, పగిలేదాకా సౌండు పెంచి వినేవాణ్ణి. తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు, అప్పట్లో నా పొగరు అలాంటిది.

మొదట పోయింది క్యాసెట్టు రొద. పాట మొదలయ్యే ముందు టేపు సుయ్‌మని ఒక చప్పుడు చేస్తుంది, ఆ తరం వాళ్ళందరికీ తెలుసు. ఆ చప్పుడు తగ్గిందని నేను గమనించాను. కంపెనీలు బాగుపడ్డాయి, టేపులు మంచివి వస్తున్నాయని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి కూడా. వాళ్ళు తలూపేవాళ్ళు.

రెండువేలు దాటాక ఒకాయన తాటిపాక నుంచి వ్యాను తెచ్చారు. గ్యాసు ప్లాంటులో మీటర్లు, గేజీలు చూసే ఉద్యోగం ఆయనది. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవారు. మెత్తగా మాట్లాడే మనిషి. నేను ఆయన వ్యానులో ఆంప్ బిగించి, ఎప్పట్లాగే చెవితో సెట్ చేసి, దర్జాగా చేతులు తుడుచుకుంటూ పిలిచాను.

"అయిపోయిందండి. వినండి."

ఆయన లోపల కూర్చుని విన్నారు. వినగానే కనుబొమలు ముడిపడ్డాయి.

"కొంచెం ఎక్కువయ్యిందేమోనండి మేస్త్రిగారూ?"

"కొత్త స్పీకర్లు కదండీ, అలాగే ఉంటాయి. నాలుగు రోజులాడితే సర్దుకుంటాయి."

"ఆయ్," అన్నారు. ఇంకో చరణం విని, "ఓసారి మీటరు పెట్టి చూద్దామాండి? ఊరికే, సరదాకి" అన్నారు.

ఆయన సంచీలోంచి మీటరు తీశారు. స్పీకర్లు ఊడదీయించారు. నేను పైన చెప్పిన లెక్కంతా నాకు మొదటిసారి అప్పుడు చెప్పారు. ఆ ఆంపుకి ఇరవై రావాలన్నారు. లీడ్లు ఆనిస్తే మీటరు ఇరవై ఎనిమిది చూపించింది.

"మీ మీటరు తప్పు చూపిస్తందండి" అన్నాను.

"ఆయ్. పాతదండి. తప్పయ్యుంటాది" అన్నారాయన.

ఆ మీటరు అద్దం మీద కంపెనీవాడు అంటించిన ప్లాస్టిక్కు కాయితం ఇంకా ఊడలేదు. నేను చూశాను. నేను చూశానని ఆయనా చూశారు. అయినా చిరునవ్వు చెదరనివ్వకుండా వ్యాను తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ మర్యాదకి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంటికెళ్ళి పాత క్యాసెట్టు ఒకటి తీసి పెట్టాను. ఎన్నేళ్ళుగానో ఉన్నది, రొద చేస్తుందని ఒకప్పుడు నేనే పక్కన పడేసినది. పాటకి ముందు ఏమీ లేదు. నూతిలోకి తొంగిచూసినట్టుంది.

"ఇందులో సుయ్‌మని వస్తోందా?" అని మా ఆవిణ్ణి అడిగాను.

"వస్తంది కదండీ. ఎప్పుడూ వచ్చేదే" అంది ఆవిడ, కూర తరుగుతూనే.

కాకినాడలో చెవుల డాక్టరు నన్నొక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు తగిలించి, చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నాడు. నేను చాలాసేపు చెయ్యెత్తకుండా కూర్చున్నాను. అద్దం అవతల అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది, నాకేమో ఆ పిల్ల ఇంకా మొదలుపెట్టలేదనిపించింది. చివరికి కాయితం మీద గీత గీసి ఇచ్చారు. ఆ గీత ఎడమవైపు బాగానే నడిచి, సగం దాటాక నిలువునా కిందకి దిగిపోయింది.

"పై స్వరాలు పోయాయి. లావు చప్పుళ్ళు వినపడతాయి, సన్నవి వినపడవు. మనుషుల మాటల్లో కూడా సగం అక్షరాలు అందవు" అన్నాడు డాక్టరు.

"మందేమైనా..."

"లేదు."

"నేను చేసే పని మానేస్తే తిరిగి వస్తాయాండి?"

"తిరిగి రావు. ఉన్నవి ఉంటాయి."

ఆయన మాటలు వెంట వచ్చిన మా ఆవిడ నాకు మళ్ళీ చెప్పింది, బస్సులో, నా చెవి దగ్గర నోరు పెట్టి. చెవి మిషను కూడా కొన్నాం. షాపులో అది పెట్టుకుంటే కీచుమని అరిచేది. అరవకపోయినా ఏం లాభం? సౌండు షాపువాడు చెవికి మిషను తగిలించుకుని కూర్చుంటే గుమ్మం ఎక్కేదెవరు? దాన్ని బీరువాలో చీరల కింద పెట్టేశాను. ఈ సంగతి మూడో మనిషికి తెలియకూడదని మా ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఒట్టు వేసింది. ఆ ఒట్టు ఎంత బాగా నిలబెట్టుకుందో తర్వాత తెలిసింది.

అప్పుడు నాకు మీటరు గుర్తుకొచ్చింది. సిగ్గు చంపుకుని తాటిపాక వెళ్ళాను. అటు పనుండి వచ్చానండి అని ఒక అబద్ధం చెప్పాను. ఆయన వరండాలో కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇప్పించి, పాత క్యాలెండరు వెనక లెక్క మొత్తం రాసి ఇచ్చారు. ఆ మోత ఉన్న సీడీ కూడా ఒకటి ఇచ్చారు. లేస్తూంటే గేటు దాకా వచ్చి ఒక మాట చెప్పారు. ఆయన నాకెదురుగా నిలబడి చెప్పారు కాబట్టి అది బాగానే అందింది.

"ఒక్కటి గుర్తెట్టుకోండి మేస్త్రిగారూ. మీటరు ఎంత వస్తందో చెబుతాదండి. ఎలా వస్తందో చెప్పదు. ఆఖర్ని ఓసారి చెవితో వినాలండోయ్."

"ఆయ్" అన్నాను.

ఇక్కణ్ణుంచి నా కొత్త జీవితం. మీటరు కొన్నాను. అద్దానికి అంటించిన ప్లాస్టిక్కు కాయితం తీసేశాను. వచ్చిన ప్రతి బండికీ స్పీకర్లు ఊడదీసి, లీడ్లు ఆనించి, ఇరవై దగ్గర ఆపి, మా ఆవిడ గోళ్ళ రంగుతో మీట మీద ఎర్రటి చుక్క పెట్టేవాణ్ణి, తర్వాత ఎవరైనా తిప్పితే తెలియడానికి. జనానికి ఇది బాగా నచ్చింది. "మీటరు పెట్టి చేస్తారండి ఆయన, చెయ్యి వాటం కాదు" అని చెప్పుకున్నారు. చుట్టూ మూగి చూసేవారు. గుణకారం, వర్గమూలం పైకి చెబుతూ చేసేవాణ్ణి, బడిపంతుల్లాగ.

ఇక వినడం అనే భాగం నటించేవాణ్ణి. స్పీకర్లు తగిలించి పాట పెట్టి, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, ఒక పల్లవి అయ్యేదాకా ఉండి, మెల్లగా తలూపేవాణ్ణి. బాసు నాకు వినపడేది. గుండ్రంగా, కమ్మగా, ఏ పగులూ లేకుండా వినపడేది. పగులు అనేది సన్నటి చప్పుడు. అది నాదాకా వచ్చేది కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, మీటరు ఇరవై చూపించింది కదా, ఇంక పగులెక్కడిదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మాటల సంగతి వేరే. ఒక విషయం ఒప్పుకోవాలి, మా కోనసీమలో చెవిటివాడు బతకడం తేలిక. ఎవరేమన్నా "ఆయ్" అంటే సరిపోతుంది. అవతలివాళ్ళు అడిగినా ఆయ్, చెప్పినా ఆయ్, వాతావరణం గురించి వాపోయినా ఆయ్. ముందో వెనకో ఒక అండీ తగిలిస్తే ఇంకా శ్రేష్ఠం. ఒకసారి ఒకాయన వాళ్ళ నాన్నగారు పోయారని చెబుతూంటే నేను నవ్వుతూ "ఆయ్, మంచిదండి" అన్నాను. ఆయన దానికీ దణ్ణం పెట్టి బండెక్కాడు. మొహం కొంచెం మారింది, అంతే. ఆయన తల గొరిగి ఉండడం చూసి నాకు సంగతి అర్థమయ్యేసరికి బండి మలుపు తిరిగిపోయింది.

అప్పుడే మా ఆవిడ షాపుకి రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఊసుపోవడం లేదంది. బల్ల పక్కన స్టూలు వేసుకుని పూలు కట్టుకుంటూ కూర్చునేది. వచ్చినవాళ్ళు చెప్పినది మళ్ళీ నా వైపు తిరిగి నింపాదిగా చెప్పేది. "వెనక సీట్లో ఎక్కువ వినపడాలంటన్నారండి" అనో, "రేపొస్తామంటన్నారండి" అనో. ఆవిడ పెదవులు నాకు బాగా అలవాటు. పాతికేళ్ళు చూసిన పెదవులు కదా. ఆవిడ నాకు చెవిగా కూర్చుందనుకున్నాను. రెండు చెవులు పోయినా ఒక మనిషి మిగిలిందని, నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి సంతోషంగా కూడా ఉండేది.

ఆ రోజుల్లోనే చవక ఆంపులు దిగాయి. అట్టపెట్టె మీద తాటికాయంత అక్షరాలతో వాట్లు రాసి ఉండేవి. కారు ఉన్న ప్రతివాడూ ఒకటి పట్టుకొచ్చేవాడు. నేను పెట్టె మీద అంకె చూసి లెక్క కట్టేవాణ్ణి. వంద అని ఉంటే ఇరవై వోల్టులు. ఎర్ర చుక్క. కళ్ళు మూసుకుని తలూపడం. "ఎలా ఉందండి?" అంటే "చాలా బాగుందండి" అనేవారు. ఒక్కడంటే ఒక్కడు బాగులేదన్నవాడు లేడు. అది నాకు గర్వంగా ఉండేది. మూడేళ్ళలో ఒక్క బండి కూడా కంప్లయింటుతో వెనక్కి రాలేదని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి కూడా.

కంప్లయింట్లు రాలేదు గానీ బళ్ళు రావడం కూడా తగ్గింది. ఒక్కొక్కరే, చాలా మర్యాదగా తగ్గారు. ఒకాయన కొడుక్కి పాటలంటే విసుగొచ్చిందన్నాడు. ఇంకొకాయన డాక్టరు చప్పుడు వద్దన్నాడన్నాడు. అంబాజీపేట కొబ్బరి వర్తకుడు ఒకాయన, మొదటినుంచీ నా దగ్గరికే వచ్చేవాడు, బజార్లో ఎదురుపడితే "బండి అమ్మేసేమండి" అన్నాడు. వారం తిరక్కుండా ఆ బండే ముక్తేశ్వరం వైపు పోతూ కనిపించింది, లోపల ఆయనే ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. కొన్నవాళ్ళ దగ్గర అడిగి తీసుకెళ్తున్నాడేమోలే అనుకున్నాను. మనిషి తనని తాను మోసం చేసుకోవాలంటే పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు.

రావులపాలెంలో ఎవరో కొత్త షాపు పెట్టారన్నారు. కొత్త కార్లకి ఫ్యాక్టరీలోనే స్టీరియో బిగించి పంపుతున్నారని నేనన్నాను. కాలం మారిందన్నాను. మా ఆవిడ పూలు కట్టుకుంటూ "మరేనండి" అనేది.

ఒక వానాకాలం మధ్యాహ్నం కొత్తపేట టాక్సీ ఓనరు ఒకాయన వచ్చాడు. వైపరు ఆగిపోయింది, వాన ఉధృతంగా ఉంది, అందుకని దారిలో ఉన్న నా పందిరి కిందకి బండి తోశాడు. లేకపోతే వచ్చేవాడు కాదని ఇప్పుడు తెలుసు. వైపరు వైరు వెతుకుతూ సీటు కిందకి వంగితే, ఏడాది కిందట నేను బిగించిన ఆంప్ కనబడింది. ఎర్ర చుక్క నేను పెట్టిన చోట లేదు. ఎడమవైపుకి, బాగా కిందకి జరిగి ఉంది. తలుపులో ఉన్న స్పీకర్లు కూడా నేను పెట్టినవి కావు.

"దీన్నెవరు ముట్టుకున్నారండీ?" అన్నాను.

ఆయన నాకు జవాబు చెప్పే ముందు మా ఆవిడ వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"పిల్లలెవరో తిప్పేసుంటారండి" అన్నాడు.

ఆ మీట తిప్పాలంటే సన్నటి స్క్రూడ్రైవరు కావాలి, సీటు పైకెత్తాలి. పిల్లలు తిప్పే చోటు కాదది. నేను స్పీకరు వైర్లు ఊడదీసి, సీడీ వేసి మీటరు పెట్టాను. పధ్నాలుగున్నర. వైపరు బాగుచేసి, తగిలించాల్సినవన్నీ తగిలించి, బండి పంపేశాను. వెళ్తూ వెళ్తూ ఆయన "వైపరు బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని లెక్క వెనక్కి కట్టాను. పధ్నాలుగున్నరని పధ్నాలుగున్నరతో గుణించి నాలుగుతో భాగిస్తే యాభై రెండు చిల్లర. అంటే ఎవరో చెవి ఉన్నవాడు ఆ మీట పట్టుకుని, పగులు పోయేదాకా తగ్గించుకుంటూ వచ్చి యాభై వాట్ల దగ్గర ఆగాడు. నేను ఒకప్పుడు ఆగినట్టే. పెట్టె మీద వంద అని రాసున్న ఆంపులో ఉన్నది యాభై. మిగతా యాభై అచ్చు వేసినవాడి కల్పన. లేని యాభైని నేను మీట తిప్పి తిప్పి బలవంతాన రప్పించాను. పగిలిన సౌండుకి కూడా వోల్టులు ఉంటాయి. మీటరుకి ఆ తేడా తెలియదు. నాకు వచ్చిన ఇరవై, ఆంప్ గొంతు చించుకుని అరిస్తే వచ్చిన ఇరవై. అరుపు నాకు వినపడలేదు. ఆ అరుపుకే స్పీకర్లు కాలిపోయాయి.

చవక ఆంపులు ఎన్ని బిగించానో తలుచుకోవడం మొదలుపెట్టాను. పెళ్ళి బళ్ళు, స్కూలు వ్యాన్లు, టాక్సీలు. కొంతసేపటికి ఆపేశాను. వాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదే అన్న ఆలోచన మాత్రం ఆగలేదు. స్పీకరు కాలితే మనిషికి కోపం రావాలి కదా. షాపు ముందు బండి అడ్డంగా పెట్టి గొడవ చెయ్యాలి కదా. అలా ఎవరూ రాలేదు. టాక్సీ ఓనరు జవాబు చెప్పే ముందు మా ఆవిడ వైపు చూసిన చూపు గుర్తుకొచ్చింది.

షాపులో గోడకి ఒక చెక్క ఉండేది, వచ్చినవాళ్ళకి వినిపించడానికి దాని మీద ఒక ఆంప్, రెండు స్పీకర్లు బిగించి పెట్టాను. వాన ఇంకా కురుస్తూనే ఉంది. పందిరి కింద ఎవరూ లేరు. లేచి వెళ్ళి, మా ఆవిడకి వీపు పెట్టి నిలబడి, దాని గెయిన్ మీట ఆఖరికంటా తిప్పేశాను. అక్కడికి ఎప్పుడూ ఎవరూ తిప్పరు. ఆ స్థితిలో పాట పాటలా ఉండదు, రేకు మీద కంకర పోసినట్టుంటుంది. అది చెవి లేకపోయినా నాకు తెలుసు, వృత్తి కాబట్టి తెలుసు. ఆవిడకి ఇష్టమైన పాటే పెట్టాను. నాకు మామూలుగానే, కమ్మగా వినపడింది.

స్టూలు మీద కూర్చున్న ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాను. ఒక్క ముడత పడలేదు. ఒళ్ళో పూలదండ అలాగే ఉంది. మోకాలి మీద వేలితో తాళం కూడా వేస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగుందండి" అంది.

నాకు అంతకు ముందు ఎప్పుడూ అలాంటి భయం వెయ్యలేదు. డాక్టరు గాజు గదిలో కూడా వెయ్యలేదు. నా చెవులు నాకు అబద్ధం చెబుతున్నాయని తెలుసు, ఆ మాత్రం తట్టుకున్నాను. ఎదురుగా ఉన్న మొహం కూడా అంత సాఫీగా చెప్పగలదని ఆ క్షణందాకా తెలియదు.

"మీట ఆఖరికి తిప్పేను. పగిలి చస్తుండాలి అది" అన్నాను. "నిజం చెప్పు."

ఆవిడ వేలు ఆగిపోయింది. దండ పక్కన పెట్టి, లేచి వెళ్ళి ప్లేయరు కట్టేసింది. వెనక్కి తిరిగి, నాకెదురుగా వచ్చి, నాకు అందేలాగ, ఎప్పుడూ చెప్పినట్టే పెదవులు బాగా కదిపి నింపాదిగా చెప్పింది.

"మూడేళ్ళనుంచీ ఇలాగే ఉందండి."

తర్వాత అడిగినవన్నీ చెప్పింది. దాచలేదు. మొదట వచ్చింది కొబ్బరి వర్తకుడు, కాలిన స్పీకరు చేత్తో పట్టుకుని. నేను భోజనానికి వెళ్ళి ఉన్నాను. "ఆయనకి చెప్పకండన్నయ్యగారూ, తట్టుకోలేరు" అని ఆవిడ అడిగిందిట. ఆయన ఆయ్ అన్నాడుట. ఆ తర్వాత ఎవరొచ్చినా ఆవిడ అదే అడిగింది. అందరూ ఆయ్ అన్నారు. ఒక్కరు కూడా ఆ మాట తప్పలేదు. పెద్దమనుషులు. నా మీద జాలితో నా షాపుకి రావడం మానేసి, నాకు తెలియకుండా రావులపాలెం పోయి సరిచేయించుకుని, ఎదురుపడితే దణ్ణం పెట్టారు.

"ఊరందరికీ తెలుసా?" అన్నాను.

"అందరికీ కాదండి. బళ్ళున్నవాళ్ళకి" అంది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెయ్యి బల్లకేసి కొట్టాను. ఇన్నాళ్ళు నన్ను కోతిని ఆడించినట్టు ఆడించారన్నాను. నేను కళ్ళు మూసుకుని తలూపుతూంటే చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఒకరినొకరు చూసుకుని ఉంటారు కదా అన్నాను. ఆవిడ కాదనలేదు. ఊళ్ళోవాళ్ళ సంగతి సరే, నాకు నువ్వెందుకు చెప్పలేదని అరిచాను. అరిచానని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

"చెబితే ఏం చేసేవారండీ?" అంది.

ఎత్తిపొడవడానికి అనలేదు. జవాబు కోసం నిజంగానే ఆగింది. వేరే పని నేర్చుకునేవాణ్ణా? నలభై ఐదేళ్ళకి ఏం పని? మిషను పెట్టుకునేవాణ్ణా? దాంట్లో పగులు వినపడదు, అది మేమిద్దరం ఇంట్లో ఎన్నిసార్లో చూసుకున్నదే. షాపు మూసేసేవాణ్ణి. మూడేళ్ళ ముందే మూసేసి, ఇంట్లో, ఎవరి మాటా అందని చోట, ఉట్టినే కూర్చునేవాణ్ణి. అంతకంటే ఇంకేం చేసేవాణ్ణి కాదు. ఆవిడకి ఆ సంగతి నాకంటే ముందే తెలుసు.

ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. నేను గోడ చెక్క దగ్గరికి వెళ్ళి, ఆఖరికంటా తిప్పిన ఆ మీట మెల్లగా వెనక్కి తిప్పాను.